పలకల మధ్య సుద్దపొడి

పొద్దున్నే నేను నడకకు పోయే ప్రొద్దుటూరు హైస్కూలు మైదానంలో ఇప్పుడు ఫోను లేని పరుగు కనిపించదు. పిల్లలు మూడు కాళ్ళ స్టాండు నాటి, దానికి ఫోను తగిలించి, దాని ముందు నుంచి పరిగెత్తి, రొప్పుతూనే వెనక్కి వచ్చి దాని చుట్టూ మూగుతారు. లాంగ్‌జంప్ గుంత దగ్గరా అంతే. దూకినవాడు ఒంటి మీద ఇసుక దులుపుకోకముందే తాను దూకింది తాను చూసుకుంటాడు. కాలు పలక మీద పడిందా, దాటిందా అన్న తగాదా ఇప్పుడు లేదు. ఇది మంచిదే. మా కాలంలో ఆ ఒక్క తగాదాతో స్నేహాలు చెడిపోయాయి.

ఆ స్టాండ్ల పక్కగా పోయేటప్పుడు నేను ఒక్కటే చూస్తాను. ఫోను ఎక్కడుంది, పరుగు మొదలుపెట్టించే చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది. రెండింటికీ మధ్య దూరముంటే ఆగి, ఎవరూ అడగకపోయినా చెబుతాను. కొందరు వింటారు. కొందరు నవ్వుతారు. నాతో కలిసి నడిచే బట్టలకొట్టాయన అయితే చెయ్యి పట్టి లాగుతాడు.

"రాప్పా, నీకు ఈడ ఎవురు జీతమిస్తాండారు? రిటైరై ఎన్నేండ్లాయ, ఇంకా పిల్లోల్ల ఎంటబడతాండావు."

నేనెందుకు ఆగుతానో ఆయనకు తెలుసు. అయినా అంటాడు. ఆగకుండా పోలేకపోవటానికి కారణం ఒక ఆడపిల్ల, ఆమె పరిగెత్తిన ఒక వంద మీటర్లు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి కాను. సోషల్ మాస్టరుగా జమ్మలమడుగులో కొన్నేళ్ళు, ప్రొద్దుటూరులో ఎక్కువ కాలం పనిచేసి రిటైరయ్యాను. కానీ స్కూళ్ళ ఆటల పోటీలు జరిగినప్పుడల్లా నన్ను టైమ్‌కీపరుగా కూర్చోబెట్టేవారు. దానికి కారణం నా డైరీ. ఏ రోజు వాన పడింది, ఏ బస్సు ఎంత ఆలస్యంగా వచ్చింది, ఇంట్లో గ్యాసు బండ ఎప్పుడు మార్చామన్నది కూడా రాసుకునే మనిషి అని పేరు పడింది. అలాంటివాడి చేతిలో స్టాప్‌వాచ్ పెడితే తప్పు జరగదని అందరి నమ్మకం. నా నమ్మకమూ అదే.

వంద మీటర్ల పరుగులో మేము ఆఖరి గీత పక్కన మెట్ల బల్ల మీద ఒకరి వెనక ఒకరం ఎత్తుగా కూర్చునేవాళ్ళం. పరుగు మొదలుపెట్టించే మాస్టరు అవతలి కొసన ఉంటాడు. తుపాకీ మా స్కూళ్ళకు ఎక్కడిది? మడతబందు వేసి కలిపిన రెండు చెక్కపలకలు ఉండేవి. క్లాపర్ అనేవాళ్ళం. వాటిని ఠాప్‌మని మూస్తే పిల్లలు లేస్తారు. ఆ పలకల మధ్య సుద్దపొడి చల్లటం మా దగ్గర ఆనవాయితీ. తరగతుల్లో విరిగిపడిన సుద్దముక్కలు ఏరి, రాయితో నూరి, పాత పౌడరు డబ్బాలో పోసి పెట్టేవారు. పలకలు మూసుకోగానే పొడి తెల్లటి పొగలా లేస్తుంది. టైమ్‌కీపరు ఆ పొడి చూసి వాచీ నొక్కాలి. చప్పుడు విని కాదు.

మొదటిసారి నన్ను ఆ మెట్ల మీద కూర్చోబెట్టిన పెద్ద డ్రిల్లు మాస్టరు చెప్పింది ఒక్కటే మాట. "పొడి చూడు సార్. చెవులు మూసుకో."

ఎందుకని నేను అడగలేదు. మైకు గోల, పిల్లల కేకలు, వాటి మధ్య పలకల చప్పుడు సరిగా వినపడదు కదా, అందుకే అయివుంటుందనుకున్నాను. నా ఉద్యోగమంతా అలా అనుకుంటూనే పొడి చూసి నొక్కాను. పని సరైనదే. దానికి నేను అనుకున్న కారణమే తప్పు. కారణం తప్పయినా పని సరిగా సాగిపోతున్నంత కాలం ఎవరికీ నష్టం లేదు. ఆనవాయితీ మానేసిన రోజున తెలుస్తుంది.

రిటైరైన తర్వాత కూడా వాచీ జేబులో వేసుకుని మైదానానికి పోయేవాణ్ణి. అప్పుడు మా స్కూలుకు కాంట్రాక్టు మీద కొత్తగా ఒక వ్యాయామ మాస్టరు వచ్చాడు. కమలాపురం వైపు కుర్రవాడు. పొద్దు పొడవకముందే మైదానంలో ఉండేవాడు. పనిమంతుడు. అతని దగ్గర పరిగెత్తే పిల్లల్లో ఒక పాప ఉండేది. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి ఇంట్లో రవికెలు కుట్టేది. పాప పరిగెత్తుతుంటే పక్క లేన్లలో పిల్లలు ఆగిపోయినట్టు కనిపించేవారు. నన్ను పెద్ద సార్ అని పిలిచేది. పరుగు అయిపోగానే మొదట అడిగే మాట, "పెద్ద సార్, ఎంత?"

ఆ పాపకు ఆ ఏడాదే ఆఖరు. పులివెందులలో, హాస్టల్లో పెట్టుకుని పరుగు నేర్పించే చోట, పిల్లలను ఎంపిక చేస్తున్నారు. ఆమె వయసుకు మళ్ళీ ఏడాది అవకాశం ఉండదు. వంద మీటర్లు పదమూడు సెకన్లలోపు పరిగెత్తాలి. తండ్రి కూడా అదే గీత గీశాడు. ఒకసారి వ్యాయామ మాస్టరు ఫోనులో ఆయనతో నేనూ మాట్లాడాను. తెర మీద ముఖం, వెనక మంచాల వరుస, ఎవరో అన్నం తింటున్నారు.

"సలాం సార్. మా పాప ఎట్ల పరిగెత్తుతాండాది?"

"బాగా పరిగెత్తుతోందప్పా."

"బాగ అంటే నాకు తెల్దు సార్. లెక్క చెప్పండి. పదమూడు లోపల వస్తే పులివెందులకు పంపిస్తా. రాకపోతే బుద్దిగా సదువుకోవల్ల. మధ్యలో యాలాడేది వద్దు."

నాకు ఆ మాట నచ్చింది. లెక్క అడిగే తండ్రులు తక్కువ. సెలవు మీద వచ్చిన ఊరి మనిషితో ఆయన ఒక మంచి ఫోను కూడా పంపించాడు. పాప పరుగు కొలవటానికి.

వ్యాయామ మాస్టరు అందులో ఒక యాప్ వేశాడు. ఆఖరి గీత దగ్గర స్టాండు మీద పెడితే చాలు. పలకల చప్పుడు వినగానే అదే గడియారం మొదలుపెట్టుకుంటుంది. గీత మీద వీడియో తీస్తుంది. తర్వాత ఒక్కొక్క బొమ్మనూ ఆపి చూస్తే, ఛాతీ గీతను తాకిన క్షణం దగ్గర సెకనులో నూరో వంతు దాకా అంకె కనిపిస్తుంది.

మొదటి రోజు పరీక్ష పెట్టాము. అటు కొసన వ్యాయామ మాస్టరు పలకల మధ్య పొడి చల్లి నిలబడ్డాడు. ఇటు గీత దగ్గర ఫోను, దాని పక్కన నా వాచీతో నేను. తల్లి గీత వెనక నిలబడి తన ఫోనుతో వీడియో తీసింది, కువైట్‌కు పంపటానికి. పాప పరిగెత్తింది. నా వాచీ చూశాను. ఫోను చూశాను. రెండూ ఒకే మాట చెప్పాయి. మరోసారి పరిగెత్తించాము. మళ్ళీ అంతే, వెంట్రుకవాసి తేడా.

వ్యాయామ మాస్టరు పరిగెత్తుకుంటూ వచ్చి చూసి నా భుజం తట్టాడు. "ఏం సార్, మీ బొటనేలులో ఏం పెట్టుకోనుండారు?"

బట్టలకొట్టాయన పక్కనే ఉన్నాడు. "అయితే ఈయప్పకు ఫోనెందుకు? ఈయప్పనే స్టాండు మీద నిలబెట్టండి."

అందరం నవ్వాము. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఇన్నేళ్ళ నా పని సరైనదేనని ఒక యంత్రం సాక్ష్యం చెప్పింది. మర్నాటి నుంచి వ్యాయామ మాస్టరు పొడి చల్లటం మానేశాడు.

"పౌడరు డబ్బా మూసిపెట్టండి పెద్ద సార్. దీనికి చెవులుండాయి. మీకు దగ్గు తప్పె, నాకు చొక్కా ఉతికేది తప్పె."

తెల్లవారుజామున మైదానంలో మైకు లేదు, గోల లేదు. చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఇంక పొడి ఎందుకు? నాకూ సబబుగానే తోచింది.

ఆ చలికాలమంతా పాప కష్టపడింది. నడుముకు తాడు కట్టుకుని లారీ టైరు లాగేది. ఇసుకలో పరిగెత్తేది. ఫోనులో అంకె కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది. ఒకరోజు పన్నెండు తొంభై ఆరు చూపించింది. వ్యాయామ మాస్టరు గట్టిగా అరిచాడు. పాప ఆ తెరను ఫొటో తీసి తండ్రికి పంపింది. ఆయన ఆ గదిలో ఉన్న వాళ్ళందరికీ చూపించాడట. మర్నాడు తల్లి ఖర్జూరాల డబ్బా తెచ్చి మైదానంలో ఉన్న అందరికీ పంచింది. బట్టలకొట్టాయనకు షుగరు, అయినా రెండు తిన్నాడు.

అంకె ఒకసారి కాదు, పలుమార్లు పదమూడు లోపలే వచ్చింది. ఇంక వ్యాయామ మాస్టరు టైరు విప్పించేశాడు. "గెలుపు చేతిలో ఉండాది. ఇప్పుడు కాలు బెణికితే మొదటికే మోసం. పులివెందుల పోయేదాకా మెల్లగా చేసుకో," అన్నాడు. అప్పుడు అది వివేకంగానే కనిపించింది. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించే చోటు ఇదే. తక్కువ పడిందని తెలిసివుంటే ఆ వారాలన్నీ ఆమె ఆ తక్కువను పూడ్చుకునేది. పూడ్చుకోగల పిల్ల. మేము ఉందనుకుని కాపాడుకుంటూ కూర్చున్నాము.

పులివెందులకు ముద్దనూరు మీదుగా బస్సులో పోయాము. పాప, తల్లి, వ్యాయామ మాస్టరు, నేను. పాప కిటికీ పక్కన కూర్చుని తల్లి చేసిన పులిహోర తింటూ కబుర్లు చెప్పింది. బెదురు ఏమీ లేదు. ఇది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే తర్వాత మేమందరం అది మర్చిపోయినట్టు మాట్లాడాము.

అక్కడ ఎర్రటి సింథటిక్ ట్రాక్. కాలు పెడితే మెత్తగా ఎదురు తన్నుతుంది. మెట్ల బల్ల లేదు, వాచీలు పట్టుకున్న మనుషులు లేరు. పరుగు మొదలుపెట్టించే తుపాకీకే తీగ కట్టి ఉంది. ఆ తీగ నేరుగా గడియారానికి పోతుంది. ఆఖరి గీత దగ్గర కెమెరా. నేను మెచ్చుకుంటూ చూశాను. ఆ తీగ ఎందుకుందో మాత్రం ఆలోచించలేదు.

పాప బాగా లేచింది. బాగా పరిగెత్తింది. తన వరుసలో రెండోదిగా వచ్చింది. గీత దాటి, వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అంకెలు పడే బోర్డు వైపు చూసింది. పదమూడు పద్దెనిమిది.

పాప బోర్డు నుంచి తల తిప్పి కంచె ఇవతల ఉన్న మా వైపు చూసింది. ఈసారి ఎంత అని అడగలేదు. మా ముఖాల్లో ఏముందో చూసింది. ఏముంటుంది? తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. వ్యాయామ మాస్టరు నేలను చూస్తున్నాడు.

తిరుగు బస్సులో వ్యాయామ మాస్టరు పాప వైపు తిరిగాడు. "ఏమైంది పాపా నీకు?"

"ఏం కాలేదు సార్. నేను బాగనే పరిగెత్తినా."

"బాగ పరిగెత్తినావా? మన మట్టి మీద వచ్చే టైము ఆ ట్రాక్ మీద ఎందుకు రాల్యా? భయపడినావు. ఒప్పుకో."

"భయపడలేదు సార్."

"మరి టైము యాడికి పోయింది? బస్సులో పడిపోయిందా?"

పాప నా వైపు తిరిగింది. నేనేదైనా అంటానని కాబోలు. "కొత్త చోటు కదమ్మా. ఎంతటివాళ్ళయినా బెదురుతారు. తప్పేమీ లేదు," అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. ఆ పిల్లకు అది తీర్పులా వినిపించి ఉంటుంది. ఆ తర్వాత ముద్దనూరు దాకా ఆమె కిటికీ బయటికే చూసింది. ఆ పొద్దు నా డైరీలో రెండే మాటలు రాశాను: పాప బెదిరింది.

తండ్రి కువైట్ నుంచి తిట్టలేదు. ఒక్కమాట అన్నాడట. "ఇంట్లో పులి, బయట పిల్లి." ఆ మాట ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి మైదానానికి వచ్చింది. "పులివెందులకు పోయి పిల్లైపోయింది" అని తోటి పిల్లలు ఆట పట్టించారు. బట్టలకొట్టాయన కూడా ఒకసారి నవ్వుతూ అన్నాడు. పాప రావటం తగ్గించింది. తర్వాత మానేసింది. ఆమె తల్లి పుట్టిల్లు జమ్మలమడుగు. కొన్నాళ్ళకు వాళ్ళు అక్కడికి మారిపోయారు. పాప డిగ్రీలో చేరిందని తెలిసింది. ఎంపిక వయసు దాటిపోయింది.

అంతటితో అయిపోయిన కథ. మళ్ళీ తెరిచింది నా ఫోను.

ఫోనులో చోటు లేదని మాటిమాటికీ హెచ్చరిక వస్తుంటే ఒక మధ్యాహ్నం వీడియోలు తీసివేయటానికి కూర్చున్నాను. చూడకుండా దేన్నీ తీసివేయను, నా పద్ధతి అది. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఎవరో పంపిన వంటలు, అన్నీ దాటి మొదటి రోజు పరీక్ష వీడియో వచ్చింది. పాప తల్లి నాకూ పంపింది అప్పట్లో. చూస్తే బాధ, తీసివేస్తే ఇంకా బాధ. చివరిసారి అనుకుని, పాప లేచే తీరు బాగా చూడాలని వేగం తగ్గించి పెట్టాను.

అవతలి కొసన వ్యాయామ మాస్టరు చేతుల్లో పలకలు మూసుకున్నాయి. తెల్లగా పొడి లేచింది. చప్పుడు లేదు. పాప లేచింది. కాలు ముందుకు పడింది. అప్పుడు వినిపించింది పలకల చప్పుడు.

మళ్ళీ పెట్టాను. పొడి. పాప. ఆ తర్వాత చప్పుడు.

జమ్మలమడుగులో ఉద్యోగం చేసేటప్పుడు నాపరాళ్ళ గనుల పక్కగా సైకిలు మీద పోయేవాణ్ణి. దూరాన సుత్తి రాయి మీద పడటం ముందు కనిపించేది. సుత్తి మళ్ళీ పైకి లేచాక దెబ్బ వినిపించేది. చూసి చూసి అలవాటైన విషయం. చప్పుడు నడిచి వస్తుందని నాకు తెలియదా? ఎందుకు తెలియదు! చెవులు మూసుకోమని పెద్ద డ్రిల్లు మాస్టరు ఎందుకన్నాడో ఆ మధ్యాహ్నం అర్థమయింది.

పలకల చప్పుడు వంద మీటర్లు దాటి మా ఫోను దగ్గరికి రావటానికి సెకనులో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. అంతసేపూ పాప పరిగెత్తుతూనే ఉంది, ఫోను ఇంకా మొదలుపెట్టనే లేదు. ప్రతి పరుగులోనూ ఆ పావు సెకను ఆమెకు ఊరికే వచ్చి కలిసింది. పులివెందులలో తుపాకీకి తీగ ఉంది గనక ఊరికే రాలేదు.

మరి నా వాచీ ఫోనుతో ఎలా కలిసింది? దానికీ జవాబు దొరికింది. పొడి చూసి వేలు నొక్కేసరికి రెప్పపాటు కాలం, ఇంచుమించు అదే పావు సెకను, గడిచిపోతుంది. ఆఖర్న మాత్రం మనిషి వస్తూ ఉండటం కనిపిస్తుంది గనక వేలు సరిగ్గా సమయానికి నొక్కుతుంది. అంటే నా వాచీ కూడా కొంచెం తక్కువే చూపించేది. స్కూలు పోటీల్లో అందరినీ అదే వేలితో కొలుస్తాము గనక ఎవరికీ అన్యాయం జరగలేదు. ఫోను ఒక దారిలో తప్పింది, నా వేలు ఇంకో దారిలో తప్పింది. రెండు తప్పులు ఒకే చోటికి వచ్చి చేరితే దాన్ని నిజమనుకున్నాము.

మర్నాడు వ్యాయామ మాస్టరుకు వీడియో చూపించాను. అతను పోయి పలకలు తెచ్చాడు. ఒక ఫోను పలకల పక్కన, ఒకటి ఆఖరి గీత దగ్గర పెట్టి, ఒక పిల్లవాణ్ణి పరిగెత్తించి, రెండింటినీ కలిపి లెక్క చూశాడు. తర్వాత అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు.

"అంటే ఆ పాప మనకాడ ఎప్పుడూ పదమూడు లోపల పరిగెత్తలేదు."

"లేదు."

"పులివెందుల్లో పరిగెత్తిందే..."

"అదే అన్నింటికంటే మంచిది."

కొంతసేపు పలకలు తెరిచి మూస్తూ కూర్చున్నాడు. "నేను టైరు విప్పించినా గదా సార్," అన్నాడు. ఆ తర్వాత నా వైపు చూసి, "ఇప్పుడు చెప్పి ఏం లాభం సార్? వయసు పోయింది. పాప మర్చిపోయి ఉంటాది. మనం పోయి మానిన పుండు గీరినట్ల అవుతాది. వద్దు," అన్నాడు.

అతని మాటలో న్యాయముంది. నేను ఇంటికి వచ్చి రెండు మూడు రోజులు దాని గురించే ఆలోచించాను. చివరికి నడకలో బట్టలకొట్టాయనకు చెప్పాను. ఆయన నడక ఆపేశాడు.

"పోయి చెప్పప్పా. ఆ పిల్లను పిల్లి అన్నోళ్ళలో నేనూ ఉండా."

జమ్మలమడుగులో వాళ్ళ ఇల్లు బజారు వెనక సందులో ఉంది. వాకిట్లో నాపరాళ్ళ అరుగు, లోపల కుట్టు మిషను చప్పుడు. తల్లి నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేసింది. పాప కాలేజీ నుంచి అప్పుడే వచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి నవ్వింది గానీ దగ్గరికి రాలేదు, గడప పట్టుకుని నిలబడింది.

"పెద్ద సార్, ఇంత దూరం ఎండలో ఎందుకు వస్తిరి? ఫోను చేసింటే సరిపోయె గదా."

"ఫోనులో చెప్పేది కాదమ్మా."

వీడియో చూపించాను. వేగం తగ్గించి, రెండుసార్లు. పావు సెకను సంగతి, తీగ సంగతి చెప్పాను. తల్లికి సగం అర్థమైనట్టుంది. పాపకు మొదటిసారికే అర్థమైంది. ఫోను తన చేతిలోకి తీసుకుని తానే మళ్ళీ పెట్టి చూసింది.

"అయితే ఆ పొద్దు నేను భయపడలేదా సార్?"

"లేదమ్మా."

"నాకు తెలుసు సార్ భయపడలేదని." గొంతు పెరగలేదు. "బస్సులోనే చెప్పినా. ఎవురూ నమ్మల్యా. మీరూ బెదిరినావనే అంటిరి. అందరూ అనంగ అనంగ, భయపడిందే నిజమేమో, నాకే తెలీలేదేమో అనుకున్నా. మళ్ళీ గీత మీద నిలబడితే మళ్ళీ అట్లనే భయపడతానేమోనని... దానికే మానేసినా సార్."

క్షమించమని అడిగితే, పెద్దవాణ్ణి అడిగానని ఆమె ఇబ్బంది పడుతుంది. పడినా అడిగాను. "అయ్యో, అట్లనకండి సార్," అంది. అనుకున్నట్టే ఇబ్బంది పడింది.

తర్వాత వేళ్ళతో ఏదో లెక్క వేసుకుంటూ అడిగింది. "అంటే ఈడ వచ్చిన వాటన్నిటికీ ఆ పావు సెకను కలపల్ల గదా? కలిపితే, నా పరుగులన్నిట్లో పులివెందులదే మంచిది."

"అవునమ్మా. నువ్వు అంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదు."

"ఎవురూ చప్పట్లు కొట్టల్యా సార్ దానికి."

ఎత్తిపొడుపుగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తల్లి కుట్టు మిషను మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయింది. మా ముగ్గురిలో ఎవరమూ ఇప్పుడైనా చప్పట్లు కొట్టలేదు. అది ఎలా కొడతారో నాకు తెలియలేదు.

టీ తాగాక, మళ్ళీ పరిగెత్తమని అడుగుదామా వద్దా అని తటపటాయించి అడిగాను. నవ్వి తల అడ్డంగా ఊపింది. "మోకాళ్ళు మర్చిపోయినాయి సార్. ఇప్పుడెవురు చేర్చుకుంటారు?" నిజమే. ఆమెకు కావలసింది ఆ ఏడాది. అది నేను తీసుకుపోయిన వీడియోలో ఉంది, బయట లేదు.

లేచి వస్తుంటే, "ఉండండి సార్, అబ్బాకు చెప్పల్ల," అని కువైట్‌కు ఫోను కలిపింది. వాళ్ళ ఇంటి భాషలో గబగబా చెప్పింది. నాకు అక్కడక్కడా మాటలే అర్థమయ్యాయి. చప్పుడు, ఫోను, పెద్ద సార్. తర్వాత ఫోను నా చేతికిచ్చింది. తెర మీద అదే గది, అవే మంచాలు. ఆయన జుట్టు నెరిసింది.

"సలాం సార్," అన్నాడు. "ఆ పొద్దు పులివెందుల్లో మా పాప ఎంత పరిగెత్తిందో ఇంకోసారి చెప్పండి సార్. లెక్క చెప్పండి."

చెప్పాను. పదమూడు పద్దెనిమిది.

ఆయన ఆ అంకెను తనలో తాను ఒకసారి అనుకున్నాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పి, మంచం మీద ఉన్న ఎవరికో, గట్టిగా, ఆ అంకెనే చెప్పాడు.